బకెట్టా, షవరా? బెంగళూరులో గీజర్ మార్చే ముందు వేసుకోవాల్సిన లెక్క

బెంగళూరులో నవంబరు దాటిందంటే తెలుగు ఇళ్లలో గీజర్ గురించి మాట మొదలవుతుంది. విజయవాడ, నెల్లూరు వైపు నుంచి వచ్చినవాళ్లకు ఏడాదిలో రెండు నెలలు తప్ప వేణ్ణీళ్ల అవసరమే ఉండేది కాదు. ఇక్కడ సముద్రమట్టానికి తొమ్మిది వందల మీటర్ల ఎత్తున ఉన్నాం కదా, జూన్ ముసురులో కూడా పొద్దున్నే చన్నీళ్లు ఒంటిమీద పోసుకోవాలంటే ధైర్యం కావాలి. (కార్తీక మాసం నెలంతా చన్నీటి స్నానమని మొక్కుకున్నవాళ్లు ఈ వ్యాసం వదిలేయొచ్చు.) అంటే ఇక్కడ గీజర్ పన్నెండు నెలలూ నడుస్తుంది. ఏది కొంటే కరెంటు ఆదా అవుతుందన్న ప్రశ్నకు ఇక్కడ బరువు ఎక్కువ.

షాపులో అడిగితే ఫైవ్ స్టార్ తీసుకోమంటారు. మేడ మీద సోలార్ పెట్టినాయన సోలారే అంటాడు. ఆఫీసులో ఒకరు హీట్ పంపు గురించి అరగంట చెబుతారు. ఎవరి మాట వాళ్ల ఇంటికి నిజమే. మీ ఇంటికి ఏది నిజమో తేలాలంటే ముందు మిషన్ల సంగతి పక్కనపెట్టి మీ ఇంట్లో స్నానాల సంగతి చూడాలి.

మొదట తేల్చుకోవాల్సినవి

స్నానం ఎలా చేస్తారు? అన్నిటికన్నా పెద్ద ప్రశ్న ఇదే, ఎవరూ అడగనిదీ ఇదే. లీటరు నీళ్లు ఒక డిగ్రీ వేడెక్కాలంటే ఒక కిలో క్యాలరీ కావాలి. కరెంటు ఒక యూనిట్ 860 కిలో క్యాలరీలకు సమానం. ట్యాంకులో నీళ్లు 22 డిగ్రీలు, ఒంటికి హాయిగా ఉండేవి 40 డిగ్రీలు అనుకుందాం. ఇరవై లీటర్ల బకెట్‌కు 360 కిలో క్యాలరీలు, అంటే 0.42 యూనిట్. అదే ఎనిమిది నిమిషాలు షవర్ కింద నిలబడితే అరవై లీటర్లు పోతాయి, 1.26 యూనిట్లు. ఇంట్లో నలుగురుంటే బకెట్ స్నానాలకు నెలకు 50 యూనిట్లు, షవర్ స్నానాలకు 150. పన్నులు, సర్‌చార్జీలు కలిపి యూనిట్‌కు ఏడు రూపాయలు వేసుకుంటే ఒక ఇంట్లో ₹350, ఇంకో ఇంట్లో ₹1,050. రెండిళ్లలోనూ గీజర్ ఒకటే, మనుషులూ నలుగురే.

ఇల్లు సొంతమా, అద్దెదా? మేడ ఎవరిది? అద్దె ఇంట్లో రెండేళ్లు ఉండేవాళ్లకు పదేళ్ల లెక్కలు అనవసరం. అపార్ట్‌మెంట్లో ఫ్లాట్ సొంతమైనా టెర్రస్ అందరిదీ. చాలా అపార్ట్‌మెంట్లలో బిల్డరు పెట్టిన సోలార్ నీళ్లు పైనున్న ఒకటి రెండు అంతస్తుల వరకే వస్తాయి. ఫ్లాట్ కొనేటప్పుడే అడగాల్సిన సంగతి ఇది.

నీళ్లు ఎక్కడివి? కావేరీ నీళ్లా, బోరు నీళ్లా, ట్యాంకరా? 2024 అక్టోబరులో కావేరీ ఐదో దశ మొదలైంది. నగరంలో కలిసిన 110 గ్రామాల కోసం వేసిన పథకమది. అయినా వైట్‌ఫీల్డ్, బెళ్లందూరు, సర్జాపుర రోడ్డు పక్క చాలా కాంప్లెక్సుల సంపుల్లో బోరు, ట్యాంకరు నీళ్లు ఇంకా కలుస్తూనే ఉన్నాయి. ఆ నీళ్లతో రెండేళ్లు నడిచిన గీజర్‌లోంచి ప్లంబరు ఎలిమెంట్ (నీళ్లు వేడిచేసే కాయిల్) బయటికి లాగితే చూడండి. రాగి రంగు ఎక్కడా కనబడదు. చుట్టూ వేలి మందాన తెల్లటి సున్నం పట్టి, స్క్రూడ్రైవర్‌తో కొడితే పెచ్చులు పెచ్చులుగా రాలుతుంది. గీజర్ వేసినప్పుడు గుర్రుగుర్రుమని శబ్దం వస్తోందంటే లోపల అదే పేరుకుందని అనుమానించాలి.

గృహజ్యోతి గీత. కర్ణాటకలో గృహజ్యోతి పథకం కింద 2023 జులై వాడకం నుంచి ఇళ్లకు 200 యూనిట్ల లోపు ఉచిత కరెంటు అమలవుతోంది. 2022-23లో మీ మీటరు సగటు వాడకానికి పది శాతం కలిపి మీ ఉచిత వాటా ఎంతో తేలుస్తారు. వాటా దాటితే పైన వాడినదానికే కడతారు. 200 దాటితే మాత్రం ఆ నెల బిల్లు మొత్తం మీదే. నెలకు 170, 180 యూనిట్ల దగ్గర ఆగే ఇంట్లో గీజర్ వాడకం ఇంకో నలభై యూనిట్లు పెరిగిందంటే నష్టం నలభై యూనిట్లతో ఆగదు, పదిహేను వందల రూపాయల దాకా వెళ్తుంది. ఆ గీతకు దగ్గరగా ఉన్నవాళ్లు కింద చెప్పే లెక్కలన్నీ దీన్ని కలుపుకునే చూడాలి.

ఇన్‌స్టంట్ గీజర్

మూడు లీటర్లు, మూడు కిలోవాట్లు. నిలవ ఉంచే నీళ్లు తక్కువ కాబట్టి వృథా దాదాపు ఉండదు. బకెట్ స్నానం చేసే ఇంటికి కరెంటు గీజర్లలో ఇంతకన్నా పొదుపైనది లేదు. బకెట్ నిండడానికి ఎనిమిది నిమిషాలు పడుతుంది. అంతకన్నా త్వరగా నింపాలని కొళాయి పూర్తిగా తిప్పితే గోరువెచ్చటి నీళ్లే వస్తాయి.

షవర్‌కు ఇది సరిపడదు. మూడు కిలోవాట్లతో నిమిషానికి రెండు లీటర్లకు కాస్త పైగా మాత్రమే స్నానానికి తగినంత వేడెక్కుతాయి. షవర్‌కు ఆరు నుంచి ఎనిమిది కావాలి. నాలుగున్నర కిలోవాట్ల మోడళ్లు ఉన్నాయి కానీ అవి ఇరవై ఆంపియర్లు లాగుతాయి. పాత ఇంటి వైరింగ్‌కు తగిలిస్తే ప్లగ్గు కాలిన వాసనతో మొదలవుతుంది వ్యవహారం. వాటికి విడిగా లైను, విడిగా ఎంసీబీ (లోడు ఎక్కువైతే కరెంటు ఆపేసే స్విచ్) వేయించాల్సిందే.

పీజీల్లో (పేయింగ్ గెస్ట్ హాస్టళ్లలో), సింగిల్ రూముల్లో ఇమ్మర్షన్ రాడ్ వాడేవాళ్లు చాలామంది. ఖర్చు లెక్కలో అది ఇన్‌స్టంట్ గీజర్‌తో సమానమే, తేడా ప్రాణంతోనే. స్విచ్ ఆపి ప్లగ్గు తీశాకే నీళ్లలో చెయ్యి పెట్టాలని తెలిసినవాళ్లు కూడా నిద్రమత్తులో మరిచిపోతారు. మూడు, నాలుగు వేలకు ఇన్‌స్టంట్ వస్తున్నప్పుడు రాడ్ ఎందుకో నాకు అర్థం కాదు.

స్టోరేజ్ గీజర్, ఆ అయిదు నక్షత్రాలు

కాయిల్ ఉన్న ఏ గీజరైనా కరెంటును దాదాపు పూర్తిగా వేడిగా మారుస్తుంది. ఒక స్టార్‌దీ అంతే, అయిదు స్టార్లదీ అంతే. మరి బీఈఈ (కరెంటు పొదుపు చూసే కేంద్ర సంస్థ) ఇచ్చే స్టార్లు కొలిచేది ఏమిటి? వేడెక్కిన నీళ్లు ట్యాంకులో ఊరికే నిలబడి ఉన్నప్పుడు 24 గంటల్లో పోగొట్టుకునే వేడి. లేబుల్ మీద స్టాండింగ్ లాస్ అని రాసి ఉండేది అదే. షాపులో స్టార్లు లెక్కపెట్టడం కన్నా ఆ అంకె చదవడం మేలు. అది ఎంత తక్కువుంటే అంత మంచిది.

దీన్నిబట్టి మీ అలవాటుకు తగ్గట్టు తేల్చుకోవచ్చు. పొద్దున అరగంట వేసి స్నానాలయ్యాక స్విచ్ కట్టేసే ఇంట్లో మూడు స్టార్లకూ అయిదు స్టార్లకూ బిల్లులో తేడా కనబడదు. పెద్దవాళ్లున్న ఇంట్లో, పసిపిల్లలున్న ఇంట్లో రోజంతా వేసే ఉంచుతారు. అక్కడ అయిదు స్టార్లకు పెట్టిన డబ్బు తిరిగొస్తుంది. ట్యాంకు చుట్టూ వేడి నిలిపే నురుగు పొర దెబ్బతిన్న పాత గీజరైతే రోజుకు ఒక యూనిట్ దాకా గోడకే పోతుంది. నెలకు ముప్ఫై అన్నమాట, బకెట్ ఇంటి మొత్తం స్నానాల ఖర్చులో సగానికి పైనే.

సైజు విషయంలో జనం అవసరానికి మించి కొంటారు. 15 లీటర్లు 60 డిగ్రీలకు వేడెక్కితే చన్నీళ్లు కలిపాక ముప్ఫై లీటర్ల పైన స్నానపు నీళ్లవుతాయి. 25 లీటర్లకు యాభై పైన, అంటే ఒక షవర్‌కో రెండు బకెట్లకో సరిపోతుంది. తర్వాతివాళ్లు అరగంట ఆగాలి. ఎత్తైన అపార్ట్‌మెంట్లలో, ప్రెషర్ పంపు ఉన్న ఇళ్లలో 8 బార్ల నీటి ఒత్తిడి తట్టుకునే ట్యాంకు అడిగి తీసుకోండి. థర్మోస్టాట్ (ఎన్ని డిగ్రీల దగ్గర ఆగాలో తేల్చేది) 50, 55 దగ్గర ఉంచితే నీళ్లు నిలిచి ఉన్నప్పుడు పోయే వేడీ తగ్గుతుంది, సున్నం పట్టడమూ నెమ్మదిస్తుంది. బోరు నీళ్ల ఇంట్లో ఏడాదికోసారి యానోడ్ రాడ్ (ట్యాంకుకు బదులు తాను తుప్పు పట్టే కడ్డీ) చూపించండి. అది అరిగిపోయాక తుప్పు తినేది ట్యాంకునే.

గ్యాస్ గీజర్

డబ్బు లెక్కలో గ్యాస్ కొంచెం చవక. షవర్ ఇంటికి నెలకు ఒక సిలిండరు పైచిలుకు పడుతుంది. కరెంటు పోయినా నీళ్లొస్తాయి, వేడికి కొదవుండదు. అయినా నేను ఫ్లాట్లలో వద్దనే చెబుతాను. మూసిన బాత్‌రూములో మండే గ్యాస్ గాలిలోని ఆక్సిజన్ తినేసి కార్బన్ మోనాక్సైడ్ వదులుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. తలనొప్పి, కళ్లు తిరగడం మొదలైనా స్నానం చేస్తున్న మనిషికి అనుమానం రాదు. తర్వాత లేవలేడు. ఈ నగరంలో ఇలా ప్రాణాలు పోయిన వార్తలు చలికాలంలో చదువుతూనే ఉన్నాం. పెట్టాల్సిందేనంటే గీజర్ బాత్‌రూము బయట, గాలి ఆడే యుటిలిటీలో (బట్టలుతికే చోట) ఉండాలి, పైపు మాత్రమే లోపలికి రావాలి. బాత్‌రూములో చిన్న కిటికీ ఉందిలే అని సర్దుకోవడం ఇక్కడ కుదరదు.

సోలార్

బనశంకరి, జయనగర్ వైపు ఏ మేడ ఎక్కి చూసినా వరసగా కనబడేవి ఇవే. కర్ణాటకలో ఒక స్థాయి దాటిన కొత్త ఇళ్లకు 2007 నుంచి సోలార్ వాటర్ హీటర్ తప్పనిసరి చేశారు, కరెంటు బిల్లులో చిన్న రిబేటు కూడా ఇస్తూ వచ్చారు. సొంత మేడ ఉండి షవర్ అలవాటున్న కుటుంబానికి ఇప్పటికీ దీన్ని మించింది లేదు. మూడు నాలుగేళ్లలో పెట్టుబడి తిరిగొస్తుంది. బకెట్ ఇంటికి అదే పదేళ్లు పడుతుంది. ఈ తేడా సోలార్ అమ్మేవాళ్లు చెప్పరు.

రెండు రకాలున్నాయి. గాజు గొట్టాలది చవక, మబ్బు పట్టినా కొంత వేడి పట్టుకుంటుంది. గొట్టం పగిలితే మార్చుకోవాలి. మేడమీద పిల్లలు క్రికెట్ ఆడే ఇల్లైతే ఆలోచించుకోండి. రాగి గొట్టాల పలక రకం ఖరీదు ఎక్కువ, మన్నికా ఎక్కువ, కానీ బోరు నీళ్లు నేరుగా పంపిస్తే సన్నటి రాగి గొట్టాలు సున్నంతో పూడుకుపోతాయి. అలాంటి నీళ్లకు హీట్ ఎక్స్ఛేంజర్ (బోరు నీళ్లు పలకలోకి పోకుండానే వాటికి వేడి అందించే ఏర్పాటు) ఉన్న పలక తీసుకోవాలి, లేదా గాజు గొట్టాలకే వెళ్లాలి. మేడమీద ప్రెషర్ పంపు ఉంటే మామూలు గాజు గొట్టాల ట్యాంకు ఆ ఒత్తిడికి తట్టుకోదు. ప్రెషర్ రకమే కావాలని ముందే చెప్పండి.

బిగించే ముందు ఓవర్‌హెడ్ ట్యాంకు ఎత్తు కొలవండి. చన్నీళ్లు వాటంతట అవే సోలార్ ట్యాంకులోకి దిగాలంటే ఓవర్‌హెడ్ ట్యాంకు అడుగు మేడ నుంచి సుమారు ఏడడుగుల ఎత్తులో ఉండాలి. చాలా పాత ఇళ్లలో ఉండదు. అప్పుడు ట్యాంకు కింద దిమ్మె కట్టించే ఖర్చు కూడా కలుస్తుంది.

ఇక చెప్పని ఖర్చులు రెండు. ఒకటి పైపు. మేడ నుంచి కింది అంతస్తు బాత్‌రూముకు ఇరవై మీటర్ల ముప్పావు అంగుళం పైపు ఉందనుకోండి, అందులో అయిదారు లీటర్ల నీళ్లు నిలిచి ఉంటాయి. వేణ్ణీళ్లు రావాలంటే రోజూ పొద్దున్నే అవి ముందు బయటికి రావాలి. 2024 మార్చిలో నీళ్ల కోసం ఈ ఊరు పడ్డ అవస్థ చూసినవాళ్లకు ఆ నీళ్లు మోరీలోకి పోతుంటే ప్రాణం ఒప్పదు. బకెట్‌లో పట్టి బట్టలకు వాడుకోండి, పైపుకు నురుగు తొడుగు తప్పక వేయించండి.

రెండోది మబ్బు రోజులు. జూన్ నుంచి నవంబరు దాకా ముసురు పట్టినప్పుడల్లా మేడమీది ట్యాంకులో ఉన్న కరెంటు కాయిల్ వేస్తారు. 200 లీటర్లు 22 నుంచి 60 డిగ్రీలకు వేడెక్కాలంటే దాదాపు తొమ్మిది యూనిట్లు! మీకు కావాల్సింది నాలుగు బకెట్లు. అందుకే ఆ కాయిల్ జోలికి పోకుండా కింద బాత్‌రూములో చిన్న ఇన్‌స్టంట్ గీజర్ విడిగా ఉంచుకోవడం మంచిది. వేణ్ణీళ్లకు చన్నీళ్లు తోడన్నట్టు ముసురు రోజుల్లో దాని సాయం చాలు.

సైజు గురించి ఒక్క మాట. వంద లీటర్లు 60 డిగ్రీల్లో ఉంటే కలుపుకున్నాక రెండొందల లీటర్ల స్నానపు నీళ్లు. నలుగురి బకెట్ ఇంటికి వందే ఎక్కువ. షవర్ ఇంటికి, వంటింటి సింకుకూ కలిపితే 200 చాలు. నలుగురికి 300 అమ్మజూపితే నవ్వి వచ్చేయండి.

హీట్ పంపు

ఏసీ గదిలో వేడిని బయటికి తోస్తుంది. ఇది బయటి గాలిలోని వేడిని లాగి నీళ్లలోకి తోస్తుంది. కాయిల్ ఒక యూనిట్‌కు ఒక యూనిట్ వేడే ఇవ్వగలదు, హీట్ పంపు బెంగళూరు వాతావరణంలో సుమారు మూడు ఇస్తుంది. మరీ చలి లేని ఊరు కాబట్టి ఇది ఏడాది పొడవునా బాగా పనిచేస్తుంది. ఎండతో పని లేదు, రాత్రి కూడా నడుస్తుంది.

అడ్డంకి ధర. 150, 200 లీటర్లవి లక్ష అటూ ఇటూ. షవర్ ఇంటికి నెలకు ఆరేడు వందలు మిగిలినా పెట్టింది రావడానికి పదేళ్ల పైన పడుతుంది. బకెట్ ఇంటికి అసలు రాదు. నిండు ట్యాంకు రెండున్నర క్వింటాళ్ల పైన తూగుతుంది కాబట్టి గోడకు తగిలించేది కాదు, నేల కావాలి, కారే నీళ్లకు దారి కావాలి. ఫ్యాను మోత కొంచెం ఉంటుంది కాబట్టి పడకగది కిటికీ పక్కన వద్దు. చెడిపోతే వీధి చివర ప్లంబరు ముట్టుకోడు, కంప్రెసర్ తెలిసినవాళ్లే రావాలి.

మరి ఎవరికి? ఉమ్మడి కుటుంబం ఉన్న పెద్ద ఇళ్లకు, మేడ మీద నీడ పడే ఇళ్లకు, ముఖ్యంగా పీజీలకు. మారతహళ్లిలో, బీటీఎంలో అరవై మంది ఉండే పీజీలో రోజూ అరవై బకెట్లంటే పాతిక యూనిట్లు. అందులో మూడింట రెండొంతులు మిగిలితే ఖరీదు త్వరగానే తిరిగొస్తుంది. నాకైతే ఈ నగరంలో హీట్ పంపుకు అసలు చోటు ఫ్లాట్లు కాదు, పీజీలే అనిపిస్తుంది.

ఇంకో అయోమయం ఉంది. 2024 ఫిబ్రవరిలో వచ్చిన పీఎం సూర్యఘర్ పథకంలో మొదటి రెండు కిలోవాట్లకు కిలోవాట్‌కు ₹30,000 చొప్పున, మూడు కిలోవాట్లకు మొత్తం ₹78,000 సబ్సిడీ ఇస్తారు. అది కరెంటు పుట్టించే ప్యానెళ్లకు, వేణ్ణీళ్ల సోలార్‌కు కాదు. సబ్సిడీ వస్తుందని చెప్పి వాటర్ హీటర్ అమ్మేవాళ్లు తగిలితే ఆ పత్రం చూపించమనండి.

పక్కపక్కన పెడితే

నలుగురి ఇంటికి, యూనిట్ ₹7 చొప్పున. ధరలు సుమారుగా, పైపుల పని కలపకుండా.

| రకం | కొనే ఖర్చు | నెలకు, బకెట్ ఇల్లు | నెలకు, షవర్ ఇల్లు | ఎక్కడ కుదరదు |
|---|---|---|---|---|
| ఇన్‌స్టంట్ 3 లీ. | ₹3,000–5,000 | ₹350 | సరిపడదు | పాత వైరింగ్ |
| స్టోరేజ్ 15–25 లీ. | ₹7,000–13,000 | ₹350–450 | ₹1,050–1,150 | గృహజ్యోతి గీత దగ్గర ఉన్నవాళ్లు జాగ్రత్త |
| గ్యాస్ | ₹5,000–8,000 | ₹300 | ₹900 | బాత్‌రూము లోపల ఎక్కడా వద్దు |
| సోలార్ 100–200 లీ. | ₹25,000–50,000 | ₹50–100 | ₹150–250 | సొంత మేడ లేనిచోట |
| హీట్ పంపు 150–200 లీ. | ₹80,000–1,30,000 | ₹150 | ₹350–400 | చోటు లేని ఫ్లాట్లు |

ఎవరికి ఏది

అద్దె ఇంట్లో బకెట్ స్నానం చేసేవాళ్లకు మూడు లీటర్ల ఇన్‌స్టంట్ చాలు. ఖాళీ చేసేటప్పుడు విప్పుకుని తీసుకెళ్లొచ్చు. గోడకు కన్నాలు పడతాయి కాబట్టి ఓనరుకు ముందే చెప్పండి, లేకపోతే అడ్వాన్సులో కోత పడుతుంది.

సొంత ఫ్లాట్, షవర్ అలవాటు, మేడమీద హక్కు లేదు. ఎక్కువమంది ఉన్నది ఇక్కడే, సులువైన జవాబు లేనిదీ ఇక్కడే. స్టాండింగ్ లాస్ తక్కువున్న 25 లీటర్ల గీజర్ కొనండి. దానికన్నా ముందు షవర్ తల మార్చండి. ఇప్పుడు ఫ్యాషనైన వాన షవర్లు నిమిషానికి పన్నెండు లీటర్లు, ఇంకా పైన పోస్తాయి. ఆరు లీటర్లది కొన్ని వందల్లో వస్తుంది. వాడకం ఎనిమిది నుంచి ఆరుకు తగ్గినా నాలుగో వంతు బిల్లు తగ్గినట్టే. ఏ స్టార్ గీజరూ ఇంత ఇవ్వదు.

సొంత ఇల్లు, పైన కింద అద్దెకిచ్చినవాళ్లు. పై అంతస్తుకు సోలార్, కింది పోర్షన్లకు విడి గీజర్లు. మూడంతస్తులకూ ఒకే సోలార్ పెడితే పైపుల్లోనే సగం వేడి పోతుంది. పై పోర్షన్‌వాళ్లు తెల్లవారుజామునే వాడేస్తే కిందివాళ్లతో రోజూ పంచాయితీ తప్పదు.

బోరు నీళ్ల ఇల్లైతే ఏది కొన్నా పక్కన ఏడాదికి ఒక సర్వీసు ఖర్చు రాసుకోండి. కొనేరోజే షాపులో రెండు సంగతులు అడగండి: ట్యాంకుకు వారంటీ ఎన్నేళ్లు, ఎలిమెంట్‌కు ఎన్నేళ్లు. ట్యాంకుకు పెద్ద అంకె డబ్బా మీద అచ్చేస్తారు, ఎలిమెంట్‌ది చిన్న అక్షరాల్లో లోపల ఉంటుంది. బోరు నీళ్లకు ముందు పోయేది ఎలిమెంటే. ఉప్పు నీళ్లకు వారంటీ వర్తించదని కార్డులో రాసి ఉందేమో కూడా అక్కడే, డబ్బు కట్టకముందే చదవండి.